జమున అంకె, నా అంకె

మే 5, 2025, సోమవారం

ఆస్పత్రివాళ్లు ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. పెయిన్ డైరీ అట. రోజుకో గడి. ఆ రోజు నొప్పి ఎంతో సున్నా నుంచి పది దాకా ఒక అంకె వేయాలి. అంతే. స్టడీ కోఆర్డినేటరు ఉజ్వల అని చిన్నపిల్ల, మరీ మరీ చెప్పింది, ఆంటీ, ఓన్లీ నంబర్, స్టోరీ వద్దు అని. నన్ను చూడగానే ఎలా కనిపెట్టిందో!

అరికాళ్లకి కారం పూసినట్టు మండుతుంటే 8 అని రాసి ఊరుకోమంటే నా వల్ల కాదు. తిరిగొస్తూ ఆబిడ్స్‌లో ఆగి రెండు వందల పేజీల నోట్‌బుక్ కొన్నాను. అంకె అందులో, కడుపులో ఉన్నది ఇందులో. దీన్ని ఎవరూ చదవక్కర్లేదు. మా ఆయన అసలే చదవక్కర్లేదు.

సంగతేమిటంటే, నాకూ, నాతో జాకెట్ల షాపు నడిపే జమునకూ రెండేళ్లుగా ఒకటే జబ్బు. కాళ్ల నరాల మంట. ఇద్దరికీ షుగర్ లేదు. ఎన్ని టెస్టులు చేసినా కారణం దొరకలేదు. ఇప్పుడు నాంపల్లి స్టేషను దాటాక ఉన్న ఆస్పత్రిలో ఒక స్టడీ మొదలైంది. షుగర్ జబ్బుకి వాడే మందొకటి నరాల నొప్పికి కూడా పనిచేస్తుందేమో చూస్తారట. పనిచేస్తుంది అని డాక్టరమ్మ అనలేదు. చేస్తుందేమో అంది. ఆ ‘ఏమో’ కోసం ఇద్దరం పన్నెండు పేజీల మీద సంతకాలు పెట్టాం.

సగం మందికి అసలు మందు. సగం మందికి అచ్చం అలాగే కనిపించే ఉత్తి మాత్ర. ఎవరికి ఏది వెళ్లిందో డాక్టరమ్మకీ తెలియదు, ఉజ్వలకీ తెలియదు. కంప్యూటరులో దాచి ఉంటుందట. ఆరు నెలలు వాడాలి. రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒకటి. ఉపవాసాలు ఉండకూడదు.

నా సీసా మీద 41. జమున సీసా మీద 42. గిదేంది అక్కా, లాటరీ లెక్క ఉన్నది అని జమున నవ్వింది. తర్వాత ఆటోలో ఒక్కమాట కూడా మాట్లాడలేదు.

అంకె: 8.

మే 6

జమున ఎందుకు మాట్లాడలేదో నాకు తెలుసు. శ్రావణం లోపల కాళ్లు నయం కాకపోతే తను షాపు వదిలేసి తమ్ముడి దగ్గరికి జోగిపేట వెళ్లిపోతుంది. పోయిన నెలలోనే చెప్పింది. ఈసారి శ్రావణం గిరాకి నాతోని గాదు అక్కా, నిలబడలేను అంది. మూడు రోజులు నేను తనతో సరిగ్గా మాట్లాడలేదు. తప్పు నాదే. మనిషి నొప్పి అంటుంటే నేను జాకెట్ల గురించి ఆలోచించాను.

కానీ జాకెట్లే కదా మా బతుకు. చిరాగ్ అలీ లేన్‌లో ఆరడుగుల వెడల్పు షాపు మాది. ఇరవై ఆరేళ్లు. బషీర్‌బాగ్‌లో ఒక బట్టల కంపెనీలో ఇద్దరం పనిచేసేవాళ్లం. అక్కడ మేనేజరుతో నేను గొడవపడి బయటికి వచ్చేస్తే, నాకు తోడుగా గొడవ లేకుండానే జమున కూడా వచ్చేసింది. జమున కటింగ్. నేను కుట్టు. తను కత్తెర పెట్టిన గుడ్డ నేను కళ్లు మూసుకుని కుట్టగలను. నేను కత్తెర పెడితే చంక దగ్గర చేయి దూరదు. అందుకే ముట్టుకోను. గోడకి ఆనించిన కటింగ్ బల్ల దగ్గర తను పొద్దున్నుంచీ నిలబడాల్సిందే. కుర్చీ వేస్తే మనిషి నడవడానికి చోటుండదు.

ఈ ఇరవై ఆరేళ్లలో మేమిద్దరం ఒక్కసారి కూడా ఫుల్ చాయ్ తాగలేదు. ఎప్పుడూ వన్ బై టూ. ఉస్మానియా బిస్కట్ అయినా, గొడుగైనా, ఆటో అయినా వన్ బై టూనే. ఒకరికి జ్వరం వస్తే మూడో రోజు రెండోవాళ్లకి.

జమున లేకపోతే షాపు లేదు. నిజం చెప్పాలంటే షాపు మాట తర్వాత. జమున లేకపోతే పొద్దున పదింటికి నేను ఎవర్ని తిట్టాలి?

మే 9

నాకు షుగర్ వచ్చిందని మా ఆయన అపార్ట్‌మెంట్ అంతా చెప్పేశాడు. ఈయన పేరు రాఘవేంద్ర. రిటైరైన దగ్గర్నుంచీ చేసేదేమీ లేదు. షుగర్ మందు వేసుకుంటున్నావంటే షుగర్ ఉన్నట్టే కదా రత్నం, దాచకు అంటాడు. స్టడీ అంటే ఏమిటో మూడుసార్లు చెప్పాను. తల ఊపాడు. ఊపి, బెల్లం డబ్బా తీసి అటక మీద పెట్టాడు.

మే 14

7. బహుశా ఏడున్నర. అరలు రాయకూడదట.

మే 20

అయిదు!

రెండు మూడుసార్లు కాలు నేలకేసి కొట్టి చూశాను. మంట ఉంది. కానీ దూరంగా ఉంది, పక్క వీధిలో మైకు మోగినట్టు. స్టేషను దగ్గర మెట్లెక్కి దిగాను, ఊరికే, అవసరం లేకపోయినా. హిమాయత్‌నగర్‌లో బస్సు దిగి ఇంటి దాకా నడిచాను. మా ఆయన నా మొహం చూసి ఏమైంది అన్నాడు. నా సీసాలో అసలు మందే ఉందండీ అన్నాను. అయితే షుగర్ తగ్గుతోందన్నమాట అన్నాడు. ఈయన్ని ఏం చేయాలో నాకు తెలియదు.

మే 21

నోటి దూల. పొద్దున షాపులోకి అడుగుపెట్టగానే జమునకి అంతా చెప్పేశాను. మెట్లు, నడక, అయిదు, అన్నీ. తను కత్తెర ఆపకుండా విన్నది. మంచిగైంది అక్కా, నీకు తగ్గితే నాకు తగ్గినట్టే అంది. నీకెంత అని అడిగితే గంతే, ఎనిమిది అంది.

అప్పుడు చూశాను. ఒక కాలు మీద బరువు వేసి, రెండో కాలిని దాని మీద పెట్టుకుని కొంగలాగా నిలబడి కత్తిరిస్తోంది. ఎంతసేపటి నుంచి అలా నిలబడిందో. నేను మెట్ల కథ చెబుతున్నంతసేపూ అలాగే ఉండి ఉంటుంది. సిగ్గేసింది.

మే 30

నాది 4. జమునది 8.

తమ్ముడు పరశురాం ఫోన్ చేశాడు. స్పీకరులో పెట్టింది కాబట్టి నేనూ విన్నాను. ముందరి అర్ర ఖాళీ చేసినం అక్కా, సున్నం గూడ ఏసినం, నువ్వు ఎప్పుడొస్తవో చెప్పు, కారు తెస్త అన్నాడు. మంచివాడు. పదేళ్ల వయసప్పుడు తల్లి పోతే వాణ్ని జమునే పెంచింది, పెళ్లికూడా చేసింది. తన భర్త పోయాక మళ్లీ పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. వాడు ఇప్పుడు అక్కని చూసుకుంటానంటే నేను పళ్లు కొరుకుతున్నాను. ఇంత చెడ్డదాన్ని అనుకోలేదు.

జమున ఆషాఢం చివర్ల వస్త తమ్మీ అంది.

జూన్ 3, మంగళవారం

ఆస్పత్రి. పాత సీసాలు ఇచ్చేస్తే మిగిలిన మాత్రలు లెక్కపెట్టుకుని కొత్తవి ఇచ్చారు. మళ్లీ 41, 42. ముప్ఫై ముప్ఫై.

ఉజ్వలని పక్కకి తీసుకెళ్లి అడిగాను. జమునది ఉత్తి మాత్రేమో, సీసా మార్చండి అని. అలా కుదరదు ఆంటీ, మీది ఏదో కూడా మాకు తెలీదు అంది. నాకు తెలుసు, నాది అసలుదే, నా కాళ్లు చెబుతున్నాయి అన్నాను. కాళ్లు అన్నిసార్లూ నిజం చెప్పవు ఆంటీ అంది. ఇరవై అయిదేళ్లు ఉంటాయా ఆ పిల్లకి!

జూన్ 5

చేశాను.

సీసాలు రెండూ షాపులోనే ఉంటాయి. అన్నం అక్కడే తింటాం కాబట్టి. జమున చాయ్ తేవడానికి వెళ్లింది. కటింగ్ బల్ల మీద కాగితం పరిచి రెండు సీసాలూ వంచేశాను. యాభై ఆరు మాత్రలు. హుక్కుల పొట్లాలు రెండు కలిపేసినట్టు చేత్తో కలియదిప్పాను. ఇదొకటి దానిలో, ఇదొకటి దీనిలో. ఇరవై ఎనిమిది, ఇరవై ఎనిమిది. ఇక ఏది ఏదో దేవుడు కూడా చెప్పలేడు.

నా సీసా మొత్తం తనకిచ్చి తనది నేను తీసుకోవచ్చు. ఆలోచించాను. చేతకాలేదు. మళ్లీ ఎనిమిదికి వెళ్లాలంటే భయం వేసింది. అంత గొప్పదాన్ని కాదు. వన్ బై టూ వరకే నా దమ్ము.

తనకి చెప్పను. చెబితే ఒప్పుకోదు. కాగితాల మీద సంతకం పెట్టినం గదా అంటుంది. అది సంతకానికి విలువిచ్చే మనిషి.

జూన్ 8

5.

జూన్ 11

6. పుస్తకంలో 4 వేశాను. ఉన్నట్టుండి పెరిగితే ఉజ్వల ప్రశ్నలు వేస్తుంది.

జూన్ 13

ఏడు నాకు. ఆరు జమునకి!!

తనంతట తనే చెప్పింది, మధ్యాహ్నం టిఫిను మూత తీస్తూ. ఏమో అక్కా, జర నయం అనిపిస్తున్నది, ఆరు అనుకో అంది. నేను మొహం పచ్చడి గిన్నెలో పెట్టి ఓహో అలాగా అన్నాను. బాత్‌రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను. సంతోషంతోనా, కాళ్ల మంటతోనా అంటే రెండూ.

జూన్ 19

నా పుస్తకంలో 4. నా కాళ్లలో 7.

జమున అయిదు అంది. ఇవాళ రెండు కాళ్ల మీద నిలబడి కత్తిరించింది. నేనే చూశాను. పెడల్ తొక్కుతుంటే అరికాలిలో సూది దిగినట్టుంది కానీ, ఆ నిలబడిన మనిషిని చూస్తూ ఎనిమిది జాకెట్లు కుట్టేశాను. నా మందు అక్కడ నిలబడి ఉంది మరి.

జూన్ 24

మా ఆయన చక్కెర లేని చాయ్ ఇచ్చాడు. ఏమీ అనకుండా తాగేశాను. ఆయనకి అనుమానం వచ్చింది. రత్నం, ఒంట్లో బాగానే ఉందా, తిట్టలేదేంటి అన్నాడు. సాయంత్రం వేడినీళ్ల టబ్బు తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టి, పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. ఈయనకి కొన్ని విషయాలు చెప్పకుండానే తెలుస్తాయి. చెప్పినవి మాత్రం తెలియవు.

జూలై 1, మంగళవారం

ఆస్పత్రి. ఉజ్వల ఇనప ఫోర్కు మోగించి నా కాలి బొటనవేలి మీద పెట్టి, అదురు తెలుస్తోందా అంది, గుండుసూదితో గుచ్చింది. పుస్తకం తిరగేసింది. నాలుగు, నాలుగు, నాలుగు. గుడ్ ఆంటీ అంది. జమున పుస్తకం చూసి వెరీ గుడ్ ఆంటీ అంది.

తర్వాత మామూలుగా, కాగితాలు సర్దుకుంటూ ఒక మాట చెప్పింది. వాళ్ల అమ్మమ్మకి ఇదే మంట. మందులేమీ పడవు. ఈ స్టడీ ఏం తేలుస్తుందోనని రోజూ అడుగుతుందట. నూట ఇరవై మంది పుస్తకాలే ఆంటీ మాకు ఆధారం, వేరే ఏం లేదు అంది.

నేను గ్లాసుడు నీళ్లు తాగి బయటికి వచ్చేశాను.

జూలై 2

కొత్త సీసాలు. మళ్లీ కలిపాను. ఈసారి గడప వైపు చూడను కూడా చూడలేదు. అదే భయంగా ఉంది.

జూలై 10

జమున ఈ ఏడు బోనం ఎత్తుతానంటోంది. రెండేళ్లుగా కాళ్ల వల్ల మానేసింది. అప్పట్లో ఆ పూటంతా షాపు మూలన మొహం తిప్పుకుని కూర్చునేది. ఇప్పుడు నాలుగైంది గదక్కా, గిప్పుడు గూడ ఎత్తకుంటే అమ్మ ఏమనుకుంటది అంది.

ఉపవాసం ఉండకూడదన్నారు కదా అన్నాను. పొద్దటి నుంచి బోనం దించేదాంక గంతే, ఏమైతది, ఫికర్ చెయ్యకు అంది.

నేను గట్టిగా వద్దనాల్సింది. కానీ నాకు గర్వంగా ఉంది. నేను పంచిన మందుతో జమున బోనం ఎత్తుతోంది! ఇంకో మాట కూడా అడిగాను, అడగకుండా ఉండలేకపోయాను, జోగిపేట సంగతేమిటని. చూద్దాం తియ్యి, నాలుగైతే నాకు షాపు ఏం బరువు అంది. ఆ మాట విని ఇంటికొచ్చి సేమ్యా పాయసం చేసుకుని నిలబడి తిన్నాను, మా ఆయన చూస్తుండగానే.

జూలై 16

8. పుస్తకంలో 4.

జూలై 20, ఆదివారం, పొద్దున 9

జమున గదికి వచ్చాను. పసుపు రాసుకుని, పట్టుచీర కట్టుకుని, బోనం కుండకి సున్నం బొట్లు పెడుతోంది. జాకెట్టు నేను కుట్టిందే, మెడ వెనక ముత్యాల వరస. మాది గుంటూరు వైపు, తాతగారు యాభై ఆరులో ఉద్యోగానికి వచ్చారు, మా ఇళ్లలో బోనాలు లేవు. అయినా ఏటా జమున పక్కన నడుస్తాను. వేపమండలు పట్టుకోవడం నా పని. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. డప్పులు వచ్చాయి, వెళ్తున్నాం.

అదే రోజు, మధ్యాహ్నం 3, ఆస్పత్రి బెంచీ

రాస్తున్నాను, లేకపోతే ఏడుస్తాను.

గుడి ఇంకా సగం దూరం ఉండగానే జమున అడుగులు తేడాగా పడ్డాయి. అక్కా అంది. అంతే, వెనక్కి ఒరిగింది. కుండని పక్కింటామె పట్టుకుంది. జమునని నేను పట్టుకున్నాను. పట్టుకోలేదు, ఇద్దరం పడ్డాం. పెదాలు తెల్లబడిపోయాయి. చెప్పుల్లేకుండా రోడ్డు మీద నడిచింది కదా, అరికాళ్లు తిప్పి చూస్తే బొబ్బలు. నాలుగు అన్న మనిషి కాళ్లు కావవి.

ఆటోలో ఒళ్లో పడుకోబెట్టుకుని నాకు ఒకటే మాట. నా మాత్రే దీన్ని చంపుతోంది. ఉపవాసం, పైన షుగర్ మందు, అదీ తనకి రాసిపెట్టని మందు, దొంగతనంగా నేను మింగించిన మందు.

క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరుతో మొదటి ముక్కే అది చెప్పాను. ఈమె స్టడీ పేషెంటు, నేనూ స్టడీ పేషెంటునే, ఇద్దరి మాత్రలూ నెలన్నరగా నేను కలిపేశాను, ఈమెకి తెలియదు అని. గట్టిగానే చెప్పాను. చుట్టూ ఉన్నవాళ్లు చూశారు. చూడనీ. ఆయన వెంటనే డాక్టరమ్మకి ఫోన్ చేశాడు.

సాయంత్రం 5

జమున కళ్లు తెరిచింది. సెలైను ఎక్కుతోంది. ఎండ, ఉపవాసం, ఒంట్లో నీళ్లు లేకపోవడం, ఇవే కారణమన్నారు. రక్తంలో షుగర్ కొంచెం తగ్గింది కానీ ప్రమాదమేమీ లేదు. నేను ఆ మాట మూడుసార్లు చెప్పించుకున్నాను.

తర్వాత డాక్టరమ్మ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసింది. పక్కన ఉజ్వల. డాక్టరమ్మ అరవలేదు. అరిస్తే బాగుండేది. మీ ఇద్దరినీ స్టడీలోంచి తీసేస్తున్నాం అంది. మాత్రలు కలిశాయి కాబట్టి, వైద్యం కోసం, మీ ఇద్దరి కోడ్ తెరవాల్సి వచ్చింది అంది.

నలభై రెండు, అంటే జమునది, అసలు మందు.

నలభై ఒకటి, అంటే నాది, ఉత్తి మాత్ర.

మరి నాకు తగ్గింది కదా అన్నాను. తగ్గి ఉండొచ్చు, అలా అవుతుంది, అందుకే సగం మందికి ఉత్తి మాత్ర ఇచ్చి పోల్చి చూస్తాం అంది. మరి జమునకి అసలు మందు పడితే ఎందుకు తగ్గలేదు అన్నాను. ఆమెకి పనిచేయకపోవచ్చు, మొదటి నెల చాలకపోయి ఉండొచ్చు, ఇప్పుడు ఇక చెప్పలేం అంది.

ఇక చెప్పలేం. ఎందుకంటే నేను కలిపేశాను. తనకి నేను పంచిపెట్టింది ఉత్తి మాత్ర, తన దగ్గర తీసుకున్నది మందు. దయ చేస్తున్నాననుకుని సగం దోచుకున్నాను. ఉజ్వల వైపు చూడలేకపోయాను. మీ అమ్మమ్మకి నా క్షమాపణ చెప్పు అన్నాను. ఆ పిల్ల నాకు టిష్యూ కాగితం ఇచ్చింది.

జూలై 21, సోమవారం

వార్డులో అంతా చెప్పేశాను. కాగితం పరవడం దగ్గర్నుంచి కోడ్ దాకా. జమున పైకప్పు చూస్తూ విన్నది.

నాకు ఎర్కనే అంది.

చాయ్ తీసుకుని వచ్చేసరికి నేను మాత్రలు కలుపుతున్నానట. ట్రయలు కోసం పెట్టిన నిలువుటద్దంలో గడప దగ్గర్నుంచే కనపడిందట. బయటే నిలబడి, నేను మూతలు పెట్టాకే లోపలికి వచ్చిందట. నువ్వు నీ మందు నాకిస్తివి, నేను ఇంక ఎనిమిదే అంటే నువ్వు మొత్తం ఇచ్చేస్తవని తెల్సు, నీ పిచ్చి నాకు తెల్వదా, అందుకే ఆరన్న, అయిదన్న, నాలుగన్న అంది. రెండు కాళ్ల మీద నిలబడింది కూడా నా కోసమేనట. నేను అటువైపు చూసినప్పుడల్లా రెండో కాలు కింద పెట్టేదట. బోనం కూడా అందుకే. నాలుగు అన్నంక బోనం ఎత్తకుంటే నువ్వు నమ్ముతవా అక్కా అంది.

నేను నాలుగు అని రాస్తూ ఎనిమిదితో కుట్టాను. తను నాలుగు అని చెబుతూ ఇంకెంతతోనో కత్తిరించింది. ఆరడుగుల షాపులో, మూడడుగుల దూరంలో.

కాసేపు ఇద్దరం ముక్కులు తుడుచుకున్నాం. ఉన్నట్టుండి జమున మోచేతి మీద లేచింది. అంటే నా మందు దొంగతనం జేసినవన్నట్టు! అంది. పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. మస్తు పని జేసినవ్ పో, గవర్నమెంటుకు చెప్పి నిన్ను జైల్ల ఏపిస్త అంది. నర్సు వచ్చి తిట్టింది. నేను ఆ నర్సుని తిట్టాను. చాలా రోజుల తర్వాత ప్రాణం లేచొచ్చింది.

నవ్వు ఆగాక అడిగాను. జమునా, ఒట్టు పెట్టి చెప్పు, నిజంగా ఎంత అని.

తొమ్మిది అంది. పొద్దున లేవంగనే తొమ్మిది, దీపాలు పెట్టే యాళ్లకు గూడ తొమ్మిది.

ఇరవై ఆరేళ్లలో నేను తనకి ఎన్నో పనులు చెప్పాను. ఇది చెప్పడానికే నోరు రాలేదు. అయినా చెప్పాను. అయితే జోగిపేట వెళ్లిపో అన్నాను. తను నా చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. పట్టు మాత్రం వదల్లేదు.

జూలై 24

పరశురాం కారు తెచ్చాడు. వెనక సీటులో దిండు పెట్టి, కాళ్లు చాపుకునేలా కూర్చోబెట్టాడు. నాకు వంగి దండం పెట్టాడు. మీరు గూడ రాండ్రి అక్కా, ఇల్లు పెద్దగనే ఉన్నది అన్నాడు. ఇన్నాళ్లు వాడి మీద పళ్లు కొరికినందుకు లోపల్లోపలే చెంపలు వేసుకున్నాను.

జమున కారులోంచి కూడా పని చెబుతూనే ఉంది. మెడ గల్లా కాడ లైనింగ్ జర గుంజి కుట్టు, పచ్చ జాకెట్టామెకు ఎడమ చెయ్యి లావు, మర్చిపోకు అంటూ. కారు మలుపు తిరిగేదాకా అలాగే చెబుతోంది.

షాపుకొచ్చి చాయ్ చెప్పాను. కేఫ్‌లో అతను అలవాటుగా వన్ బై టూ పోసి రెండు గ్లాసులు పెట్టాడు. రెండూ నేనే తాగాను. బాగాలేదు.

జూలై 26

శ్రావణం వచ్చేసింది. వరలక్ష్మీ వ్రతానికి ముప్ఫై ఎనిమిది జాకెట్లు. కత్తెర పట్టుకున్నాను. మొదటి జాకెట్టుకే చంక దగ్గర చేయి దూరడం లేదు. కొత్త పట్టు గుడ్డ. కొనివ్వాలి. బల్ల మీద తల పెట్టుకుని కూర్చున్నాను.

జమున ఫోన్ చేసింది. ఎట్లా తెలిసిందో, మొదటి మాటే, కత్తెర ముట్టినవా అంది. ముట్టాను అన్నాను. తిట్టింది. తిట్టించుకుంటుంటే హాయిగా ఉంది. తర్వాత చెప్పింది. జోగిపేటలో ముందరి అర్ర పెద్దది, చాప పరుచుకుని కాళ్లు చాపి కూర్చుని కత్తిరిస్తే మంట పెరగడం లేదట, మరదలి జాకెట్టు కత్తిరించి చూసిందట. గుడ్డలు గౌలిగూడ బస్టాండ్ల పార్శిల్ కౌంటర్ల ఎయ్యి, కొలతలు చీటీ మీద రాసి పెట్టు, సాయంత్రం వరకు నాకు ముడతయి, తెల్లారి కోసి పంపుత అంది.

బస్సులో కటింగా అన్నాను. ఎందుకు గాదు, మనుషులు పోతలేరా అంది.

జూలై 29

మొదటి మూట వచ్చింది. గౌలిగూడలో కౌంటరు దగ్గర పిల్లాణ్ని స్కూలు నుంచి తెచ్చుకున్నట్టు తెచ్చుకున్నాను. పన్నెండు జాకెట్లు. ఒక్క గీత కూడా తప్పులేదు. పచ్చ జాకెట్టుకి ఎడమ చెయ్యి అరంగుళం ఎక్కువ.

మా ఆయన అటక మీంచి బెల్లం డబ్బా దించాడు. నీకు షుగర్ లేదని ఆ అమ్మాయి ఉజ్వల ఫోన్‌లో చెప్పింది అన్నాడు. నేను మూడు నెలల నుంచి చెబుతున్నది ఏమిటో!

ఆగస్టు 7

ఆఖరి మూట. ఎర్ర పట్టు జాకెట్టు లైనింగ్ అంచున, కుట్టులోకి వెళ్లిపోయే చోట, చాక్‌తో చిన్నగా జమున అంకె: 8.

పక్కన నాది వేశాను. 7.

లోపలికి మడిచి కుట్టేశాను.